పట్టాలు లేని దారి

ఒకే కొలత డబ్బాతో పెట్రోలు పోసి నూకరాజు రెండు కార్ల జాతకాలూ తేల్చేసిన దగ్గర్నుంచి రాయపూర్ రైల్వే కాలనీలో ఇంకో మాట లేదు. కుళాయి దగ్గర అదే, కిళ్ళీ కొట్టు దగ్గర అదే, గుడిలో గంట కొడుతూ కూడా అదే. ఈ వారమే పత్రిక చేతికొచ్చినవాళ్ళు ఉంటారు గనక జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. తెలిసినవాళ్ళు విసుక్కోకండి, మీకోసం అసలు గొడవ ముందే ఉంది.

నూకరాజు బి.ఎన్.ఆర్. రైల్వేలో ఇంజను డ్రైవరు. ఆ కంపెనీ పోయి, పేరు మారి, బోర్డుల మీద సర్కారువారు ఇంకేదో రాయించినా ఆయనకది బి.ఎన్.ఆరే. రాయపూర్ నుంచి విజయనగరం దాకా అందరికంటే తక్కువ బొగ్గుతో బండి లాగించి, దొర చేతుల మీదుగా బహుమానం పుచ్చుకున్న మనిషి. రిటైరైన నెలకే ‘కారు కొంటాను’ అని ప్రకటించాడు. కాలనీ అంతా పగలబడి నవ్వింది. ఆయన భార్య వరహాలమ్మ మాత్రం నవ్వలేదు.

ఆవిడకి కారు మీద మోజేం లేదు. మొగుడి పక్కన కూర్చోవాలని మోజు. ముప్పయ్యేళ్ళ కాపురంలో ఆయన తోలిన బండిలో ఎన్నిసార్లు పుట్టింటికి పోయిందో చెప్పలేం. కానీ ఆయన ముందు ఇంజన్లో, ఆవిడ వెనకెక్కడో ఆడవాళ్ళ పెట్టెలో, చంకలో ఒక పిల్లతో, కాళ్ళ దగ్గర మూటలతో. పార్వతీపురంలో ఇంజను నీళ్ళు తాగుతుండగా ఆయన పరుగున వచ్చి, కిటికీలోంచి మంచినీళ్ళ చెంబు అందించి, మళ్ళీ పరుగున పోయేవాడు. ఆలుమగల ప్రయాణమంటే అంతే వాళ్ళకి. ‘ఒక్కసారి నీ పక్కన నిలబడి వస్తాను మావా’ అని కొత్తలో అడిగింది. ‘ఇంజన్లోకి ఆడోళ్ళు ఎక్కగూడదే, రూలు’ అన్నాడాయన. ఆవిడ మళ్ళీ అడగలేదు. మర్చిపోనూ లేదు.

అమ్మకానికి దొరికినవి రెండు. ఒకటి పెద్ద నల్ల కారు. ‘కారంటే ఇది అన్నియ్యా, పది మంది ఎక్కొచ్చు’ అని తోడల్లుడు రామమూర్తి దానికి తెగ వకాల్తా పుచ్చుకున్నాడు. రెండోది డాక్టరు తాయారమ్మగారి బేబీ ఆస్టిన్, చిన్నది, పాతది. ధర రెంటికీ కాస్త అటూ ఇటూగా ఒకటే, నూకరాజు పెట్టగలిగినంతే. అందుకని ఆయన రైల్వే పద్ధతిలో పందెం పెట్టాడు. ఫాఫాడీలో షెడ్డున్న మెకానిక్కు పరదేశి చేత రెండు టాంకులూ ఖాళీ చేయించి, ఒకే డబ్బాతో పెట్రోలు పోయించి, బిలాస్‌పూర్ రోడ్డున తోలించాడు. పెద్ద కారు భన్‌పురి ఊళ్ళోకి పోకుండానే పడకేసింది. బేబీ ఆస్టిన్ భన్‌పురి దాటి, పొలాలు దాటి, సిల్తారా కూడా దాటి, అప్పుడు గాని నీరసించలేదు. ‘ఇది మన బండిరా’ అన్నాడు నూకరాజు.

అంతా బాగానే ఉంది. తాయారమ్మగారే మెలిక పెట్టారు. వచ్చే వారం ఆవిడ ఉద్యోగం వదిలి రాజమండ్రి వెళ్ళిపోతున్నారు. గోల్ బజారు గుడ్డల వ్యాపారి ఎక్కువ ఇస్తానన్నా ఒప్పుకోలేదు. జీతానికి పెట్టుకున్న డ్రైవరు చేతిలో తన బండి పడడం ఆవిడకి ఇష్టం లేదు. ‘ఆదివారం పొద్దున రా. నా కళ్ళముందు నువ్వే నడిపి చూపించు. నడిపినవాళ్ళదే బండి. లేదంటే సాయంత్రం ఆ సేటుకే ఇచ్చేస్తాను’ అన్నారు. నూకరాజు ‘ఓస్, అంతేగా’ అని ఇంటికొచ్చి, ఆ పూట అన్నం ముట్టుకోలేదు. ఎందుకు ముట్టుకోలేదో తెలియక వరహాలమ్మ తల పట్టుకుని కూర్చుంది.

ఆ ఆదివారం రానే వచ్చింది.

స్టేషనుకి అవతల, రైలు గేటుకి కాస్త ఇవతల డాక్టరమ్మ బంగళా. చుట్టూ ఎర్రమట్టి దారి. వీధి గుమ్మం నుంచి తిన్నగా పోయి, నూతి దగ్గర కుడికి తిరిగి, వంటింటి వెనకగా వచ్చి, మళ్ళీ వరండా ముందుకే చేరుతుంది. వరహాలమ్మ కొత్త నేతచీర కట్టుకుని, సంచిలో కొబ్బరికాయా, కర్పూరం, నాలుగు నిమ్మకాయలూ వేసుకొచ్చింది. రామమూర్తి గార్డు గనక, ఇంకా నౌకరీలోనే ఉన్నాడు గనక, సెలవు రోజైనా ఈలా, జెండాలూ తెచ్చుకున్నాడు.

“జెండాలెందుకు బాబూ?” అంది వరహాలమ్మ.

“గార్డు లేకుండా బండి కదలగూడదు వొదినా. డ్రైవర్లకి ఇంజనొకటే తెలుస్తాది, బండంతా మాది,” అన్నాడు రామమూర్తి. ఈ దెబ్బలాట ఇద్దరికీ పెళ్ళిళ్ళైన దగ్గర్నుంచీ ఉంది. మామూలుగా అయితే నూకరాజు ఆ మాటకి ఇంతెత్తున లేచేవాడు. ఇవాళ విననట్టు ఊరుకున్నాడు.

డాక్టరు తాయారమ్మ వరండాలో పేము కుర్చీలో కూర్చున్నారు. తెల్లచీర, గుండ్రటి కళ్ళద్దాలు. కాలనీ పిల్లల్లో సగం మంది ఆవిడ చేతిలో పుట్టినవాళ్ళే. ఆవిడ కోపాన్నీ, కబుర్లనీ కూడా అందరూ భరిస్తారు.

“ఒక్క చుట్టు, నూకరాజూ. బంగళా చుట్టూ తిరిగొచ్చి ఇక్కడే ఆపు. కంగారు లేదు.”

“అలగేనండమ్మా.”

పరదేశి బానెట్ మీద గుడ్డతో ఆఖరిసారి తుడిచి పక్కకి జరిగాడు. నూకరాజు ఎక్కాడు. ఎక్కీ ఎక్కగానే మనిషి మారిపోయాడు. ఒకసారి చెవి ఒగ్గి ఇంజను విన్నాడు, చోక్ కాస్త తోశాడు, గేరు వేశాడు. బండి కుదుపన్నది లేకుండా, వెన్న జారినట్టు కదిలింది. డాక్టరమ్మ ముఖం వికసించింది. వరహాలమ్మ గర్వంతో కొంగు సర్దుకుంది.

తిన్నగా పోతున్నంతసేపూ చూడముచ్చటగానే ఉంది. కిటికీలోంచి తల బయటికి పెట్టి, ముందుకి చూస్తూ, అచ్చం ఇంజన్లో నిలబడ్డట్టే పోతున్నాడు నూకరాజు. నుయ్యి వచ్చింది. దారి కుడికి తిరిగింది. నూకరాజు హారను కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. ఇంకోసారి గట్టిగా, పొడుగ్గా కొట్టాడు. బండి మాత్రం తిన్నగా నూతి మీదకే పోతోంది.

“అన్నియ్యా!” అని రామమూర్తి ఎర్రజెండా ఊపుతూ పరిగెత్తాడు. నీళ్ళు తోడుతున్న పనిమనిషి బొక్కెన వదిలేసి ‘దాయీ ఓ!’ అని తల్లిని తలుచుకుని అరిచి ఎగిరి దూకింది. బండి నూతి చప్టాకి జానెడు దూరంలో, ప్లాట్‌ఫారం మీద ఆగినంత మెత్తగా ఆగిపోయింది.

వంటింటి వెనక కోళ్ళు ఒకటే గోల పెట్టాయి.

“కా హోగిస్ డ్రైవర్ సాబ్?” అన్నాడు పరదేశి, ఏమైందన్నట్టు చెయ్యి తిప్పుతూ. ఏమైందో వాడికి తెలుసు. తెలిసే వారం రోజులుగా నోరు మూసుకున్నాడు పాపం.

వరహాలమ్మ అందరికంటే ముందు కారు దగ్గరికి చేరింది. నూకరాజు చక్రం మీద రెండు చేతులూ వేసుకుని తల వంచుకుని కూర్చున్నాడు. ముప్పయ్యేళ్ళలో ఆ మనిషిని అలా చూడడం ఆవిడకదే మొదలు.

“ఏటైంది మావా? కళ్ళు తిరిగినాయా?”

“కళ్ళు తిరగలేదే. అదే తిరగలేదు.” గొంతు తగ్గించాడు. “ఒలే వరాలూ, నాకు తిప్పడం రాదే.”

“రాదా? రోజూ తెల్లారగట్ల పరదేశి కాడికెల్లి నేర్సుకున్నావు గదా?”

“ఎల్లాను. నేర్సుకున్నాను. సీదాగా పోవడం నేర్సుకున్నాను.”

“మరి లాగూ నిండా ఆ బురదేటి? బండి కిందకి దూరి సూసినానన్నావు! మూడు సబ్బులు అరగదీసినాను ఉతకలేక!”

“దూరలేదే. పొలంలోకి పోనాను. భన్‌పురి కాడ రోడ్డు తిరిగింది. నాను తిరగలేదు.”

ఆవిడకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆయన ఇంక దాచుకోలేక కడుపులోదంతా కక్కేశాడు.

“ఇంజను మాట నన్నడుగు, చెవులో పడితే చాలు జబ్బు సెప్పీస్తాను. కానీ ఇన్నేళ్ళూ దారి సూసుకున్నది నాను కాదే! కేబిన్లో కూకున్నోడు పాయింటు కొట్టి పట్టాలు మారిస్తే బండి దానంతటదే తిరిగీది. నాను విజిలేసి, సిగ్నలు సూసి పోయీవోణ్ణి. ఇప్పుడూ అంతే. మలుపు సూస్తే నా చెయ్యి హారను మీదకి పోతంది. ఎవుడో పాయింటు కొడతాడని సూస్తన్నాను. ఎవుడూ కొట్టడు. సిగ్గుతో సచ్చిపోతన్నాను వరాలూ. నిన్ను పక్కన కూకోబెట్టుకుని తిప్పుదావనుకున్నాను. నిన్నే గదే, ఇంకెవుర్ని?”

వరహాలమ్మ కారు తలుపు పట్టుకుని ఆయన వంక చూసింది. తనే కదా మర్చిపోలేదనుకుంది ఇన్నాళ్ళూ! కొత్తకాపురంలో తను అడిగిన మాట ఈ మొండిమనిషి కూడా మనసులో పెట్టుకుని, రిటైరయ్యేదాకా మోసుకొచ్చాడన్నమాట. ఆవిడకి ఎంత సంతోషం వేసిందంటే, కారు పోతే పోనీ అనుకుంది ఒక్క క్షణం. మరుక్షణం, ఎందుకు పోవాలి అనుకుంది.

ఈలోగా డాక్టరమ్మ మెట్లు దిగి వచ్చారు. ముఖంలో ఇందాకటి మెరుపు లేదు.

“నూకరాజూ, నువ్వంటే నాకు గౌరవమే. కానీ ఇలాంటి చేతుల్లో నా బండి పెట్టలేను. ఇవాళ నుయ్యి, రేపు ఎవరి పిల్లాడో. సేటుకి కబురు పంపిస్తాను.”

“నాను ముందే సెప్పినాను,” అన్నాడు రామమూర్తి. “పెద్ద బండి కొని డ్రైవర్ని పెట్టుకుంటే ఈ బాదే లేకపోను.”

“నువ్వు కాసేపు నోరు మూసుకో బాబూ,” అంది వరహాలమ్మ. మరిదితో ఆవిడ ఎన్నడూ అలా మాట్లాడలేదు. రామమూర్తి నిజంగానే మూసుకున్నాడు. “డాక్టరమ్మగారూ, ఇంకొక్క పాలి సూడండి. ఈ పాలి మా ఇద్దరికీ కలిపి.”

“కారు నడపడానికి ఇద్దరెందుకమ్మా?”

“ఇంజనుకి ఇద్దరుంటారు గదండీ. ఈయనకి ఒక్కడే నడపడం అలవాటు లేదు, అంతే. పెట్రోలూ, గేర్లూ, బ్రేకూ ఆయన సూసుకుంటాడు. తిప్పడం నాను సూసుకుంటాను.”

“నీకు తిప్పడం వచ్చా?”

“బొబ్బిలి పక్కన మా అయ్యకి బెల్లం బళ్ళుండీవండీ. మగపిల్లలు లేరు. పెళ్ళయ్యేదాకా సంతకి బండి నానే తోలినాను. ఎడ్లు ఏ పక్కకి పోవాలో నానే సెప్పీదాన్ని. ఈ సెక్రం మాట ఇనదేటండీ?”

తాయారమ్మగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. అది నవ్వు దాచుకోడానికని ఆవిడ కాంపౌండరైతే చెప్పేవాడు. “సరే. నూతికి మళ్ళీ గురిపెట్టారంటే మాత్రం ఊరుకోను,” అన్నారు.

పరదేశి బండిని వెనక్కి తెచ్చి గుమ్మం దగ్గర నిలబెట్టాడు. నూకరాజు కుడివైపు కూర్చున్నాడు. వరహాలమ్మ చుట్టూ తిరిగి వచ్చి ఎడమ తలుపు తీసి, చీర కుచ్చెళ్ళు పట్టుకుని, ఎక్కి, ఆయన పక్కన కూర్చుంది. చిన్నకారు గనక భుజానికి భుజం తగిలింది. రామమూర్తి పిలవకుండానే వెనక సీట్లో ఇరుక్కున్నాడు. ఆ బరువుకి బండి ఒకసారి మూలిగింది.

“పగ్గం నాకియ్యి,” అంది వరహాలమ్మ.

నూకరాజు చక్రం మీంచి చేతులు తీసేశాడు. ఆవిడ పక్కకి ఒరిగి రెండు చేతులా పట్టుకుంది. వెనక నుంచి ఈల, కిటికీలోంచి పచ్చజెండా. బండి కదిలింది.

“నెమ్మదిగా మావా, నుయ్యి వచ్చీస్తంది.”

“తగ్గిస్తన్నాను. నీ పని నువ్వు సూడు.”

“సూస్తన్నాను. ఇంకా తగ్గించు. హై! హై!” అని ఎడ్లని అదిలించినట్టే అదిలించి, చక్రాన్ని కుడికి లాగింది వరహాలమ్మ. బేబీ ఆస్టిన్ నూతిని ఓరగా చూసి, వినయంగా కుడికి తిరిగింది. వంటింటి వెనక కోళ్ళు రెక్కలు కొట్టుకుంటూ చెల్లాచెదురైనాయి. ఆరేసిన దుప్పటి ఒకటి రామమూర్తి జెండాకి చుట్టుకుని బండితో పాటే బయల్దేరింది. వెనక నుంచి ‘వొదినా, ఆపు, ఆపు!’ అని ఒకటే గోల. ముందు కూర్చున్న ఇద్దరికీ వినిపిస్తేగా?

రెండో మలుపులో చక్రం తిప్పడానికి ఆవిడ ఆయన మీదుగా ఒంగవలసి వచ్చింది. నూకరాజు వెనక్కి ఒదిగి చోటిచ్చాడు. ఆవిడ తలలో మందారం ఆయన గడ్డానికి రాసుకుంది. “ఓలమ్మా, తిరిగిపోనాది మావా!” అని ఆవిడ చిన్నపిల్లలా నవ్వింది. ఆ నవ్వు విని నూకరాజు కూడా నవ్వేశాడు. పక్కన కూర్చోవడమంటే ఇదన్నమాట, ఇంత బాగుంటుందని తెలిస్తే ఆ రూలు పెట్టిన దొర కాలరు పట్టుకుని అడిగేదాన్ని కదా అనుకుంది వరహాలమ్మ.

బండి వరండా ముందుకొచ్చి, మొదటి మెట్టుకి సరిగ్గా ఎదురుగా, చుక్క నీళ్ళు తొణకనంత మెత్తగా ఆగింది. దుప్పట్లోంచి రామమూర్తి తల బయటపడింది. తాయారమ్మగారు కుర్చీలో కూర్చోలేక, స్తంభం పట్టుకుని, కళ్ళల్లోంచి నీళ్ళు కారేదాకా నవ్వారు.

“ఇస్తానయ్యా, బండి మీకే ఇస్తాను,” అన్నారు చివరికి. “నేను లేకపోయినా అది సంతోషంగా ఉంటుంది. కానీ ఒకటి. ఒక బండికి ఇద్దరంటే రోడ్డు మీద పోలీసులు ఒప్పుకోరు. మీ ఇద్దరిలో ఒకరు పూర్తిగా నేర్చుకోవాలి. ఇన్నేళ్ళు తిన్నగా పోయినవాడికి తిరగడం నేర్పడం తేలికా, తిప్పడం వచ్చినావిడకి బ్రేకు నేర్పడం తేలికా?”

ఆవిడ చక్రం మీదే ఉన్న వరహాలమ్మ చేతుల వంక చూశారు.

“నడిపినవాళ్ళదే బండి అన్నాను కదా. కాగితం వరహాలమ్మ పేర రాస్తున్నాను.”

వరహాలమ్మ చక్రం మీంచి చేతులు తీసేసింది. మొగుడి ముఖంలోకి చూడడానికి భయమేసింది. ఇంజను డ్రైవరు నూకరాజు! దొర చేత బహుమానం పుచ్చుకున్నవాడు! కాలనీలో రేపు ఏమంటారు? ఆయన కారు దిగాడు. టోపీ తీసి తల గోక్కున్నాడు. చుట్టూ తిరిగి ఎడమవైపుకి వచ్చి ఆవిడ తలుపు తీశాడు.

“దిగు.”

ఆవిడ దిగింది.

“అటెల్లి నా సీట్లో కూకో,” అన్నాడు నూకరాజు. మీసాల కింద నవ్వు ఆగడం లేదు. “డ్రైవరు పక్కన కూకోవడం ఎలగుంటాదో నాకూ సూడాలనుంది. నువ్వొక్కదానివేనా సరదా పడీది?”

“మావా!” అంది వరహాలమ్మ.

ఆవిడ కుడి సీట్లో కూర్చుంది. ఇంజను గురగురమంటూనే ఉంది. నూకరాజు ఆ పక్క కిటికీలోంచి ఒంగి, ఎడమ కాలితో తొక్కేది చూపించి, దాన్ని తొక్కించి పట్టి, తన చేత్తో గేరు వేశాడు.

“ఆ కాలు తియ్యకు. బస్, అలగే ఉంచు. నానటొచ్చి కూకున్నాక తక్కినయి సెప్తాను.”

ఆయన బండి వెనక నుంచి ఎడమవైపుకి నడిచాడు. ఇంతలో వెనక సీట్లో రామమూర్తి దుప్పటి వదిలించుకున్నాడు. డ్రైవరు సీట్లో మనిషి ఉంది, ఇంజను ఆవిరి మీదుంది. ఇంకేం చూస్తాడు గార్డు? అలవాటు కొద్దీ ఈల ఊదేసి పచ్చజెండా ఊపేశాడు. ఈల వినబడితే బండి కదలాలన్నది వరహాలమ్మకి కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ తెలిసిన సంగతి. కాలు తీసేసింది.

బేబీ ఆస్టిన్ ఒక్క గంతు వేసి, పరదేశిని పక్కకి దూకించి, తెరిచి ఉన్న వీధి గుమ్మం మీదుగా రోడ్డెక్కింది. అక్కణ్ణుంచి రైలు గేటు దాకా వాలు. డాక్టరమ్మ నవ్వు ఠక్కున ఆగిపోయింది.

నూకరాజు పరుగందుకున్నాడు. వయసు మళ్ళినా కదిలే ఇంజను అందుకోవడం మర్చిపోయే చెయ్యి కాదు ఆయనది. గుమ్మం దాటగానే ఒక్క ఊపున ఎడమ ఫుట్‌బోర్డు మీదకి ఎగిరి, తలుపు పట్టుకుని వేలాడుతూ, కిటికీలోకి తల దూర్చాడు.

“ఒలే, మద్దిలో బ్రేకు తొక్కు! మద్దిలోది!”

వరహాలమ్మ ముందుకి చూస్తోంది. దారి కాస్త ఎడమకి వొంగింది, ఆవిడ కాస్త ఎడమకి తిప్పింది. ఎదురొస్తున్న ఎడ్లబండికి చోటిచ్చింది. గాలికి కొంగు వెనక్కి ఎగిరి రామమూర్తి ముఖాన కప్పేసింది. దూరాన ధమ్తరీ నుంచి వచ్చే చిన్నరైలు కూత వినబడింది. గేటువాడు గుడిసెలోంచి బయటికొచ్చి, గేటు మూయడానికి చెయ్యి వేశాడు.

“గేటు పడతందే! తొక్కు!”

“తొక్కుతాను మావా,” అంది వరహాలమ్మ. “ఇంకొంచెం దూరం పోనియ్యి.”